పిలకాయలతో చెన్నై వండర్‌లాకు ఈకోలో... పన్నెండు వేలలో అవుతుందా?

కావలి నాన్న:
అందరికీ నమస్కారం. మాది కావలి. ఇద్దరు పిలకాయలు. పెద్దోడికి పదకొండు, చిన్నదానికి ఆరు. బడికి సెలవులు ఇచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే పాట, చెన్నైలో కొత్తగా పెట్టిన వండర్‌లా రైడ్ల పార్కుకు పోదామని. నేను, మా ఆవిడ, మా అమ్మ, పిలకాయలు కలిపి అయిదుగురం. చేతిలో ఉండేది పన్నెండు వేలు.

మాకు సొంత మారుతి ఈకో వ్యాను ఉంది, అయిదు సీట్లది. సీట్లు తీసేసి పరుపు వేసుకుని, చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకుని పోతే లాడ్జి ఖర్చు, హోటలు ఖర్చు రెండూ తప్పుతాయని నా ఆలోచన. వీడియోల్లో కారవాన్లు చూసి చూసి పిలకాయలకూ అదే పిచ్చి పట్టింది. లేదంటే మా బావమరిది దగ్గర టెంపో ట్రావెలర్ ఉంది, డీజిల్ పోసుకుని తీసుకెళ్లమంటున్నాడు. అది పసుపు బోర్డు, అంటే బాడుగకు తిరిగే బండి. ఏది మేలంటారు? ఎవరైనా ఇట్టా పోయొచ్చిన వాళ్లుంటే చెప్పండి.

గూడూరు డ్రైవరు:
అన్నా, ముందు ట్రావెలర్ సంగతి చెప్తా. పసుపు బోర్డు బండి తడ దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటాలంటే ఆలిండియా టూరిస్టు పర్మిట్ అయినా ఉండాలి, లేదా తమిళనాడుకు తాత్కాలిక పర్మిట్, పన్ను ముందే ఆన్‌లైన్‌లో కట్టుకోవాలి. మీ బావమరిది బండి లోకల్‌గా తిరిగేదైతే ఆ కాగితాలు ఉండవు. సొంత మనిషి బండే కదా అని పోతే చెక్‌పోస్టు దగ్గర బంధుత్వం చూడరు. తెల్ల బోర్డు ఈకోకు ఆ గొడవ లేదు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, లైసెన్సు ఉంటే చాలు.

ఇక సీట్లు పీకే పని పెట్టుకోవద్దు. ఆర్‌సీలో ఎంతమందికి అని రాసుందో బండి అట్టాగే ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేపు ఏదైనా తగిలితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది అదే. అయినా సీట్లు తీసేస్తే మీ అమ్మగారిని ఎక్కడ కూర్చోబెడతారు?

గ్యాస్ పొయ్యి మాత్రం అస్సలు వద్దు. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు సరే, చిన్న సిలిండరు అయినా సరే, మూసిన బండిలో పిలకాయలను పెట్టుకుని వెలిగించే వస్తువు కాదది. బండి ఆపుకునేది పెట్రోలు బంకులో. అక్కడ అగ్గిపుల్ల గీస్తే బంకు వాళ్లు తన్ని తరుముతారు, తరమాలి కూడా.

ఒంగోలు టీచరమ్మ:
పొయ్యి అక్కర్లేదు తమ్ముడూ. మేము నిరుడు వేరే పార్కుకు ఇట్టాగే బండిలో పోయాం. తెల్లవారుజామున పులిహోర కలుపుకుని పోతే రాత్రి దాకా చెడదు. పెరుగన్నం మాత్రం ఇంట్లో కలిపినట్టు కలపకూడదు. అన్నం మెత్తగా చేసి, పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి పెట్టుకోండి. మధ్యాహ్నానికి అదే తోడుకుని కమ్మగా ఉంటుంది. ముందే పెరుగు పోస్తే ఈ ఎండకు పది గంటలకే పులిసిపోతుంది. ఒక ఫ్లాస్కులో వేడి నీళ్లు. రాత్రికి చేపల పులుసు కట్టుకుపోదాం అనే ఆలోచన మీ ఇంట్లో ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. మర్నాటికి రుచే, కానీ ఈకోలో వారం రోజులు అదే వాసన.

అయితే ఈ తిండి అంతా పార్కు బయట వరకే. బయటి తిండి లోపలికి తీసుకుపోనివ్వరు. ఒకసారి లోపలికి పోయాక బయటకొచ్చి బండిలో తిని మళ్లీ పోదాం అంటే కూడా కుదరదు. కాబట్టి గేటు తీసేముందు పార్కింగులో కడుపునిండా తినిపించి, మధ్యాహ్నం ఒక్క పూట లోపల కొనుక్కోండి. సాయంత్రం బయటకు రాగానే పులిహోర. పన్నెండు వేల లెక్కలో లోపలి భోజనం రాసుకోండి, లేకపోతే అక్కడ మొహాలు చూసుకోవాలి.

ఇంకో మాట. మేము తెలియక కాటన్ బట్టలతో పోయాం. నీళ్ల రైడ్లకు నైలాన్, పాలిస్టర్ లాంటివే ఒప్పుకుంటారు. అక్కడి దుకాణంలో నలుగురికి కొనేసరికి నాకు ఏడుపొచ్చింది. మీరు కావలి బజారులోనే కొనుక్కోండి. మీ అమ్మగారు చీరతో నీళ్లలోకి దిగడానికి ఉండదు, ఆవిడకు ముందే చెప్పండి.

కావలి నాన్న:
పర్మిట్ సంగతి నాకు తట్టనే లేదు. బావమరిదికి చెప్పేశా, వాడూ హమ్మయ్య అనుకున్నట్టున్నాడు. మరి రాత్రి పడక ఎట్టా?

గూడూరు డ్రైవరు:
నిజం చెప్తా అన్నా. ఈకోలో అయిదుగురు పడుకోలేరు. వెనక సామాను చోటులో చెక్క పరిచి బొంత వేస్తే చిన్నపాప కాళ్లు చాపుకుంటుంది, పెద్దోడు ముడుచుకుంటాడు. మీది సీఎన్‌జీ అయితే ఆ చోటు సిలిండరుకే పోతుంది. మీరు ముందు సీటు వాల్చుకుని మూడు నాలుగు గంటలు కునుకు తీయొచ్చు. దాన్ని నిద్ర అనుకోవద్దు, డ్రైవరు విశ్రాంతి అనుకోండి.

అందుకని నా లెక్క ఇది. పోయేటప్పుడు రాత్రి పది గంటలకు బయల్దేరండి, పిలకాయలు ఎట్టాగూ నిద్రపోతారు. నాయుడుపేట, సూళ్లూరుపేట మధ్య పెద్ద బంకు ఏదైనా చూసుకుని, అక్కడి మనిషిని అడిగి, లైటు కింద ఆపండి. బంకుల్లో బాత్రూం, తాగే నీళ్లు, గాలి ఉచితమే, మొహమాటపడొద్దు. నాలుగున్నరకు లేచి బయల్దేరితే రెడ్‌హిల్స్ దగ్గర ట్రాఫిక్ మొదలవక ముందే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తారు. అది వండలూరులో దించుతుంది. అక్కడి నుంచి కేళంబాక్కం మీదుగా తిరుపోరూరు.

రోడ్డు పక్కన మాత్రం ఎక్కడా ఆపి పడుకోవద్దు. చెట్టు నీడ, చల్లగాలి అని ఆపిన బండిని వెనక నుంచి లారీ గుద్దడం నా కళ్లతో చూశా. ఇంజను ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని నిద్రపోవడం ఇంకో తప్పు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, లోపలికొచ్చినా తెలియదు. అద్దాలు నాలుగు వేళ్లు దించి, దోమతెర గుడ్డ కత్తిరించి తలుపులో ఇరికించండి. చార్జింగు ఫ్యాను ఒకటి చాలు. దారిలో ఏదైనా అయితే హైవే వాళ్ల నంబరు 1033.

వచ్చేటప్పుడు ఈ పని చేయొద్దు. పగలంతా నీళ్లలో ఎగిరిన మనిషి రాత్రి మూడొందల కిలోమీటర్లు తోలకూడదు. ఆ ఒక్క రాత్రి లాడ్జికి డబ్బు పెట్టండి.

చెన్నైలో నెల్లూరాయన:
నేను ఉండేది ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కనే, అందుకని రెండు మాటలు. ఈ పార్కు 2025 డిసెంబరులో తెరిచారు, తిరుపోరూరు దగ్గర. తిరుపోరూరులో కందస్వామి గుడి ఉంది, పేరున్న మురుగన్ క్షేత్రం. అమ్మగారు రైడ్లు ఎక్కరు కదా, కానీ లోపలికి వస్తే ఎక్కినా ఎక్కకపోయినా టికెట్టే. అరవై దాటినవారికి కొంత తగ్గుతుంది. ఆవిడను బండిలో కూర్చోబెట్టి పోదాం అనే ఆలోచన మాత్రం రానీయకండి, మే నెల ఎండలో ఆగిన బండి పొయ్యే. నన్నడిగితే ఆ రాత్రి తిరుపోరూరులోనే గది తీసుకుని, మర్నాడు పొద్దున్నే అమ్మగారికి దర్శనం చేయించి బయల్దేరండి. ఆవిడకూ ఒక యాత్ర అయినట్టుంటుంది.

టికెట్లు వారం మధ్యలో తక్కువ, ఆన్‌లైన్‌లో ముందు కొంటే ఇంకాస్త తక్కువ. పెద్దలకు పదిహేను వందలకు అటూ ఇటూ అనుకోండి. అయిదుగురికి కలిపి మీ పన్నెండు వేలలో సగం పైన టికెట్లకే పోతుంది. సంక్రాంతికి ఎప్పుడూ రావద్దు. మన ముక్కనుమ ఇక్కడ కాణుం పొంగల్. చెన్నై జనమంతా ఆ రోజు ఇంట్లో ఉండరు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ అడగలేదు. పిలకాయల ఎత్తు ఎంత? అక్కడ వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. ఇందులో తిరకాసు ఏమిటంటే, ఒళ్లు జలదరించే పెద్ద రైడ్లకు అడ్డుగీత కూడా ఆ 140 దగ్గరే. పదకొండేళ్ల పిల్లలు సరిగ్గా ఆ గీతకు అటో ఇటో ఉంటారు. టికెట్‌లో రెండు మూడు వందలు మిగిలాయని మీరు సంతోషపడతారు, లోపల వాడు క్యూ దగ్గర కర్ర కింద నిలబడి వెనక్కి తిరిగొస్తాడు. చెప్పులు విప్పి, గోడకు ఆనించి, నెత్తి మీద అట్ట పెట్టి కొలవండి.

ఒంగోలు టీచరమ్మ:
ఇది నూటికి నూరు పాళ్లు నిజం. మా అన్నయ్య కొడుకు అట్టాగే ఏడ్చాడు, మేము ఐస్‌క్రీముల మీద మిగిలిందంతా పోశాం.

ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే టోలు మిగలదా?

గూడూరు డ్రైవరు:
ఈ ఒక్క ట్రిప్పు కోసమైతే దండగ అక్కా. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. కానీ మన నెల్లూరోళ్లం ఆస్పత్రి అంటే చెన్నై, పెళ్లి బట్టలంటే చెన్నై. ఏడాదికి నాలుగైదు సార్లు తిరిగే ఇల్లయితే గిట్టుబాటే. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, అవతల నల్లూరు, అన్నీ నేషనల్ హైవే గేట్లే. ఔటర్ రింగ్ రోడ్డు మాత్రం తమిళనాడు ప్రభుత్వానిది, అక్కడ పాస్ పనిచేయదు, మామూలుగా కోస్తుంది. ఫాస్టాగ్‌లో డబ్బుందో లేదో చూసుకోండి. అది పనిచేయక యూపీఐ కడితే ఒకటింపావు.

పెట్రోలు రానూపోనూ 560 కిలోమీటర్లు, ఏసీతో లీటరుకు పదిహేను అనుకుంటే నాలుగు వేలు. పోయేటప్పుడు సగం ట్యాంకుతో పోయి తడ దాటాక ఆరంబాక్కంలో పోయించండి, లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. మిగిలేది టీ ఖర్చులే, కానీ ఎందుకు వదలాలి.

కావలి నాన్న:
కొలిచాం. చిన్నది 113. పెద్దోడు 138. వాడు నమ్మలేదు, అట్ట మందంగా ఉందని పుస్తకం పెట్టి మళ్లీ కొలిపించుకున్నాడు. అయినా 138. రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నుంచి తలుపు పైకమ్మి పట్టుకుని వేలాడుతున్నాడు.

లెక్క కూడా వేశా. టికెట్లు, పెట్రోలు, టోలు, లోపలి భోజనం, ఒక రాత్రి గది కలిపితే పద్నాలుగు వేలకు వస్తోంది. ఇంకో రెండు వేలు ఎట్టాగో సర్దుతా. రెండు సెంటీమీటర్లు నేనెక్కడి నుంచి తెచ్చేది?

ఒంగోలు టీచరమ్మ:
వేలాడితే ఎత్తు పెరగదని చెప్పండి, పైకమ్మి ఊడొస్తుంది. ఆ వయసు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. దసరా సెలవులకు వాడే 140 దాటొచ్చు. ఈలోపు ఆ రెండు వేలూ నిదానంగా జమవుతాయి. ఈ సెలవుల్లో మైపాడు బీచికి తీసుకుపోండి, అదే ఈకోలో, అదే పులిహోరతో. రాత్రి బండిలో ఎట్టా ఉంటుందో పిలకాయలకూ తెలుస్తుంది.

చెన్నైలో నెల్లూరాయన:
దసరా అయితే సెలవులిచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే, వారం మధ్యలో వచ్చేయండి. పండగ దగ్గరపడితే ఇక్కడి వాళ్లకూ ఆయుధ పూజ సెలవులు. అక్టోబరు మూడో వారం దాటితే మనకూ ఇక్కడా వానలు. నవంబరుకు మాత్రం జరపొద్దు. 2021 నవంబరు వరదకు నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే తెగి, నేను మూడు రోజులు నెల్లూరు దాటలేకపోయా.

కావలి నాన్న:
ఇంట్లో అడిగా. చిన్నది ఇప్పుడే అంటుంది. పెద్దోడు మాత్రం కాసేపు ఆలోచించి, "దసరాకే పోదాం నాన్నా" అన్నాడు. వాడే ఆగుతానన్నాక ఇక నాకు చెప్పేదేముంది. ఈ ఆదివారం మైపాడు పోతున్నాం, దోమతెర గుడ్డ కత్తిరించడం మా ఆవిడ మొదలుపెట్టింది. గోడ మీద 138 దగ్గర పెన్సిల్ గీత గీసి తేదీ వేశాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున కొలవాలంట.