గ్రాడ్-క్యామ్ ఎరుపంతా తెల్ల ఖాళీల మీదే పడుతోంది, గైడ్‌కి ఏం చెప్పాలి?

ఎం.టెక్ విద్యార్థి, యలహంక:
అన్నలూ అక్కలూ, రొమ్ము క్యాన్సర్ కణజాల చిత్రాల మీద నా ప్రాజెక్టు. బ్రేక్‌హిస్ అనే రొమ్ము కణజాల చిత్రాల డేటా, రెస్‌నెట్-50 అనే చిత్రాల్ని గుర్తుపట్టే మోడల్. ఆక్యురసీ బాగానే వచ్చింది. మోడల్ చిత్రంలో ఎక్కడ చూసి నిర్ణయించిందో ఎరుపుతో చూపే మ్యాప్ గ్రాడ్-క్యామ్. అది వేస్తే మాత్రం ఆ ఎరుపు, కణాల మీద కాకుండా మధ్యలో తెల్ల ఖాళీల చుట్టూ వస్తోంది. శుక్రవారం రివ్యూ. బాగున్న బొమ్మలు నాలుగు ఏరి పెట్టెయ్యమంటున్నాడు రూమ్మేట్.

మెడికల్ ఇమేజింగ్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్:
ఏరి పెట్టకు తమ్ముడూ. "మిగతావి చూపించు" అంటే ఏం చేస్తావ్? ముందు డేటా ఎలా విడగొట్టావో చూడు. అందులో చిత్రాలు 7,909 ఉన్నా పేషెంట్లు 82 మందే. చిత్రాల్ని కలగలిపి విడగొడితే ఒకే మనిషి స్లైడు ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ పడుతుంది. అప్పుడు మోడల్ జబ్బును వదిలేసి ఆ స్లైడు రంగును గుర్తుపట్టినా మార్కులు వచ్చేస్తాయి. స్లైడు నంబరు ఫైలు పేరులోనే ఉంటుంది, దాన్నిబట్టి విడగొట్టు. పైగా 5,429 చిత్రాలు క్యాన్సర్‌వే. కళ్లు మూసుకుని అన్నిటికీ క్యాన్సర్ అన్నా దాదాపు 69 శాతం వస్తుంది.

గ్రాడ్-క్యామ్ కూడా మొరటుదే. 224×224 పిక్సెళ్ల చిత్రం ఇస్తే మోడల్ చివరి పొరలో 7×7 గడులే మిగులుతాయి. 700×460 చిత్రాన్ని ఆ సైజుకి కుదించావు కాబట్టి ఒక్కో గడి అసలు చిత్రంలో సుమారు 100×66 పిక్సెళ్లు. కణమూ ఖాళీ ఒకే గడిలో పడొచ్చు.

పాథాలజీ డాక్టర్, జయనగర్:
అది ఖాళీ అని ఎవరన్నారు బాబూ? రొమ్ము కణజాలంలో ఆ తెల్ల గుండ్రాలు చాలావరకు కొవ్వు కణాలు. స్లైడు తయారీలో వాడే జైలీన్‌కి కొవ్వు కరిగిపోయి గూడు మిగులుతుంది. నాళాల లోపలి బోలు కూడా తెల్లగానే ఉంటుంది. క్యాన్సర్ కణాలు కొవ్వులోకి చొచ్చుకుపోయాయా అని మేమూ చూస్తాం. కాబట్టి మోడల్ సరైనదే చూస్తుండొచ్చు. లేదా ఆ డేటాలో క్యాన్సర్ స్లైడ్లలో కొవ్వు ఎక్కువుందని పట్టేసి ఉండొచ్చు. ఎరుపు రెండింటికీ ఒకేలా పడుతుంది.

ఎం.టెక్ విద్యార్థి:
మరి తేల్చేదెలా డాక్టర్ గారూ?

మెడికల్ ఇమేజింగ్ ఉద్యోగి:
కప్పి చూడు. తెల్ల భాగాల్ని చిత్రం సగటు రంగుతో కప్పి స్కోరు ఎంత పడిందో రాసుకో. తర్వాత ఊదా రంగు కేంద్రకాల్ని కప్పు. కప్పిన మచ్చ కూడా మోడల్‌కి వింతే కదా, అందుకని అంతే విస్తీర్ణం ఎక్కడపడితే అక్కడ కప్పి పోల్చు. మోడల్ నేర్చుకున్న వెయిట్లు (లోపలి అంకెలు) చెరిపేసి, ఏవో అంకెలు పెట్టి మళ్లీ మ్యాప్ వేసే పరీక్ష కూడా చెయ్యి. బొమ్మ మారకపోతే ఆ మ్యాప్‌కి మోడల్‌తో పనే లేదన్నమాట. 2018లో ఈ పరీక్ష పెడితే గైడెడ్ బ్యాక్‌ప్రాప్ అనే మరో మ్యాప్ పద్ధతి తప్పింది, గ్రాడ్-క్యామ్ నెగ్గింది.

పాథాలజీ డాక్టర్:
స్లైడ్లు చదివేవాళ్లని ఒకర్ని కూర్చోబెట్టుకో. మ్యాప్ చూపించకముందే ముఖ్యమైన చోట్లు ఏవో చిత్రం మీద వాళ్ల చేత గీయించు. ఎరుపు చూశాక మా కన్నూ అక్కడికే పోతుంది.