పాత సినిమా హాళ్లను కూల్చకుండా చట్టం తేవాలా?

రీలుపెట్టె:
రఘుపతి వెంకయ్యగారు 1914లో మద్రాసులో గెయిటీ కట్టించారు. ఆ ఊళ్లో దొరలు కాకుండా మనవాడు కట్టిన మొదటి సినిమా హాలు. ఆయన పేరిట అవార్డు పెట్టుకున్నాం, హాలు మాత్రం నేలమట్టం. హైదరాబాద్ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎంఎం కూడా పోయింది. యాభై ఏళ్లు దాటిన హాళ్లను వారసత్వ కట్టడాలుగా ప్రకటించాలంటాను. మీరేమంటారు?

బాల్కనీబాబు:
అలాగే సార్, కరెంటు బిల్లు కూడా మీరే కట్టండి. మాది తాతగారి నాటి హాలు, 600 సీట్లు. మొన్న కార్తీకంలో ఓ మ్యాట్నీకి పదకొండు మంది వచ్చారు. వాళ్లకైనా ఏసీ వెయ్యాల్సిందే కదా! షో పడకపోయినా మినిమం బిల్లు తప్పదు. ఫంక్షన్ హాలు చేస్తే నాలుగు ముహూర్తాలతో ఏడాది గడుస్తుంది. మీ బోర్డు తగిలిస్తే అమ్మనూ లేను, నడపనూ లేను.

మైలాపూర్ తెలుగు:
గెయిటీ గురించి ఏడుస్తున్నారు గానీ, అక్కడే మౌంట్ రోడ్డులో అంతకన్నా ఏడాది పాతది, 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్ ఇంకా ఉంది. వార్విక్ మేజర్ అనే దొర కట్టించాడు. రెండేళ్లకే తపాలా శాఖ చేతికొచ్చింది కాబట్టి బతికింది. ఇప్పుడందులో స్టాంపులు అమ్ముతారు. గోడలున్నాయి, బొమ్మ లేదు. మీక్కావలసింది ఇదేనా?

రీలుపెట్టె:
గోడలైనా మిగిలాయిగా! విశాఖలో జగదాంబ హాలు పేరే సెంటరు పేరైపోయింది. అలాంటివాటికి పన్ను తీసెయ్యమనండి, ఓనర్లే ఉంచుకుంటారు.

కార్బన్‌కడ్డీ:
ఇరవై రెండేళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. అందరూ గోడల గురించే కొట్టుకుంటున్నారు, క్యాబిన్ మాట ఎవరూ ఎత్తరేం? అందులో రెండు ప్రొజెక్టర్ మిషన్లుండేవి, ఒక రీలు ఒకదాంట్లో, తర్వాతి రీలు రెండోదాంట్లో. రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పైమూల చిన్న చుక్క పడేది. అది చూసి రెండో మిషన్ మోటారు వెయ్యాలి, మళ్లీ చుక్క పడగానే మార్చెయ్యాలి. కన్ను పక్కకు పోయిందా, తెర తెల్లబడేది, నేల క్లాసులో ఈలలు. మిషన్‌లో వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు కాలి అరుగుతుంటే దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే బొమ్మ మసకబారేది. డిజిటల్ వచ్చాక మా మిషన్లను ఇనుప సామాను వాడు కిలోల లెక్కన తూచుకుపోయాడు. హాలు మాత్రం ఇప్పటికీ నాలుగాటలు ఆడుతోంది. పని తెలిసినవాళ్లం ముగ్గురం మిగిలాం, అందులో ఒకాయనకి చూపు ఆనదు.

బాల్కనీబాబు:
బాబాయ్, మా దగ్గర ఒక మిషనుంది. గోడౌన్లో, పాత కుర్చీల వెనక. ఎవరైనా జాగ్రత్తగా పెట్టుకుంటామంటే ఊరికే ఇచ్చేస్తా. మా ఊళ్లో ఒకరిద్దరిని అడిగాను, చోటు లేదన్నారు.

రీలుపెట్టె:
ఫొటో పెట్టండి. చట్టం మాట మాత్రం నేను వదల్ను.

కార్బన్‌కడ్డీ:
ముందు లెన్సు ఉందో లేదో చూడు నాయనా. మొదట మాయమయ్యేది అదే.