చెమట మురికా? పిల్లాడికి రోజుకు మూడుసార్లు సబ్బు రుద్దాలా?

పటమట_అమ్మ:
మా బాబుకి ఆరేళ్ళు. ఎండలు ముదిరాక వీపంతా చెమటకాయలు, తొడ మీద రెండు సెగ్గడ్డలు. క్రిములను చంపే సబ్బుతో రోజుకు మూడుసార్లు స్నానం చేయిస్తున్నాను. మా ఆడపడుచేమో "ఒంటికున్న రక్షణంతా కడిగేస్తున్నావు వదినా" అంటోంది. నిజమేనా?

బెంజ్‌సర్కిల్_బాబాయ్:
రక్షణేంటమ్మా, చెమటంటేనే మురికి. బెజవాడ ఎండకి మూడు కాదు, నాలుగుసార్లు చేయించు. నాకు 58 ఏళ్ళు. రెండు పూటలా సబ్బే, ఒక్క గడ్డ లేదు.

మిర్చిఘాటు_గుంటూరు:
మీ ఆడపడుచు మాటలో సగం నిజం ఉందండీ. చెమటలో డెర్మ్‌సిడిన్ అనే చిన్న ప్రొటీన్ ముక్క ఉంటుంది. 2001లో జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. దెబ్బ తగిలేదాకా ఆగదు, చెమటతో పాటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. బాక్టీరియా పైపొరలో దూరి కన్నం పెడుతుంది. ఇలాంటివి చాలావరకు ఉప్పు తగిలితే చతికిలబడతాయి, ఇది మాత్రం చెమట ఉప్పులోనూ పనిచేస్తుంది. సోరియాసిన్ అని ఇంకోటుంది, దాన్ని చర్మకణాలే తయారుచేస్తాయి. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా బతకడానికి కావాల్సిన జింకును లాగేసుకుంటుంది. గడ్డలు తెచ్చే స్టెఫైలోకాకస్ (స్టెఫ్) బాక్టీరియా మీద దాని ప్రతాపం అంతగా సాగదు, అది వేరే విషయం.

బెంజ్‌సర్కిల్_బాబాయ్:
మందు చెమటలోనే ఉంటే పిల్లాడికి గడ్డలెందుకు లేచాయి?

అరండల్‌పేట_2:
చెమటకాయలు మురికి వల్ల రావు. చెమట బయటికొచ్చే దారి మూసుకుపోయి వస్తాయి. ముందు పౌడర్ మెత్తడం ఆపండి.

బెంజ్‌సర్కిల్_బాబాయ్:
నేనడిగింది గడ్డల గురించి. జవాబు రాలేదు.

మిర్చిఘాటు_గుంటూరు:
దురద పుట్టి గోకితే చర్మం చీరుకుంటుంది, ఆ సందులోంచి స్టెఫ్ లోపలికి పోతుంది. కాపలా ఉన్న ఇంట్లోనూ దొంగ పడతాడు కదా! అందరికీ కాపలా ఒకేలా ఉండదు కూడా. ఎగ్జిమా అనే దురద చర్మరోగం ఉన్నవాళ్ళ చర్మంలో ఎల్‌ఎల్-37, బీటా డిఫెన్సిన్-2 అనే ఇలాంటి కాపలా ప్రొటీన్లే సరిగ్గా పెరగవు, అందుకే అక్కడ స్టెఫ్ తిష్ట వేస్తుంది. పొలుసులు లేచే సోరియాసిస్‌లో కథ తిరగబడుతుంది, అవి బాగా పెరుగుతాయి. 1997లో బీటా డిఫెన్సిన్-2ని తీసిందే సోరియాసిస్ పొలుసుల్లోంచి. ఆ మచ్చలు అంత పగిలినా చీము పట్టడం అరుదు.

బెంజ్‌సర్కిల్_బాబాయ్:
గోడ మీద పిల్లివాటం. మీ మిర్చి యార్డు హమాలీలు బస్సెక్కితే పక్కన కూర్చోలేం. నువ్వు చెప్పే మందు వాళ్ళ ఒంట్లో బిందెలకొద్దీ ఉండాలే?

మిర్చిఘాటు_గుంటూరు:
మా నాన్న 31 ఏళ్ళు ఆ యార్డులోనే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోశాడు. ఇంటికొస్తే గడప బయటే అరగంట ఒళ్ళు రుద్దుకునేవాడు, అయినా ఆ ఘాటుకి మేం తుమ్మేవాళ్ళం. ఒకసారి గోనె ఒరుసుకుని భుజం మీద పుండు పడితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ముట్టుకోలేదు. "స్నానం చేస్తావా అసలు?" అని చీటీ రాసిచ్చాడు. వేరేచోట చూపిస్తే షుగరు 300 దాటింది. పుండు మానకపోవడానికి కారణం అది. చెమట వాసన రాగానే మీరంతా చూడటం మానేస్తారు, నా కడుపుమంట అదీ!

అరండల్‌పేట_2:
బాబాయ్, ఆ బస్సు మాట వెనక్కి తీసుకోండి.

బెంజ్‌సర్కిల్_బాబాయ్:
తీసుకున్నా. తప్పే. కానీ నా సంగతీ విను. మా తమ్ముడూ షుగరు మనిషే. కాలి పుండుని "ఒంట్లో శక్తుంది, అదే మానుతుంది" అంటూ నెల తిరిగాడు. బొటనవేలు తీసేశారు. ఒంట్లోనే రక్షణుంది అని ఎవరన్నా అంటే నాకు ఆ వేలే కనిపిస్తుంది.

మిర్చిఘాటు_గుంటూరు:
పుండు చూపించుకోవద్దని నేనెక్కడన్నాను?

బెంజ్‌సర్కిల్_బాబాయ్:
అనలేదు. నాకలా వినబడింది.

పటమట_అమ్మ:
ఇంతకీ సబ్బు సంగతేంటండీ?

మిర్చిఘాటు_గుంటూరు:
రోజుకొకసారి మామూలు సబ్బు చాలమ్మా, మిగతావి ఉత్త నీళ్ళే. చర్మం పీహెచ్ (పులుపా, క్షారమా చెప్పే కొలత) 5 దగ్గర, అంటే కాస్త పులుపు వైపు ఉంటుంది, స్నానపు సబ్బులు చాలావాటిది 9, 10. మాటిమాటికీ రుద్దితే చర్మం ఎండి చీలుతుంది. క్రిముల సబ్బు అంటారా, 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ట్రైక్లోసాన్ అనే క్రిముల మందుతో కలిపి 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లో వద్దంది. మామూలు సబ్బుకన్నా మేలని కంపెనీలు చూపించలేకపోయాయి. గడ్డలు పిసక్కండి. పెరిగినా, జ్వరమొచ్చినా డాక్టరుకి చూపించండి.

బెంజ్‌సర్కిల్_బాబాయ్:
జ్వరం దాకా ఆగకు తల్లీ, రేపే చూపించు.

పటమట_అమ్మ:
రేపు పొద్దున్నే తీసుకెళ్తాను. మూడో స్నానం ఇవాళే మానేశా. మా ఆడపడుచుకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వను.