మాకొద్దు, మీకొద్దు: ఒక పాటలో మొదటి మాట

ప్రశ్న (మన భాషా గుంపులో, పాలకొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలు): గరిమెళ్ల సత్యనారాయణ గారి ‘మాకొద్దీ తెల్లదొరతనము’లో మొదటి మాటను పిల్లలకు ఎలా విడదీసి చెప్పాలి? మాకు + వద్దు + ఈ అంటే సంధి కుదరడం లేదు. పనిలో పనిగా ఇంకో సంగతి. ఆ పాటను దొరలు నిషేధించారని చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, ‘మంచి పాటను ఆపితే తప్పు సరే, చెడ్డ పుస్తకాన్ని ఆపితే తప్పేమిటి టీచర్?’ అన్నాడు. రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఆ రేపు వచ్చేసింది.

జవాబు (నరసన్నపేట నుంచి ఒక మాష్టారు): అమ్మా, సంధి సంగతి తేలిక. మీరు ‘వద్దు’ దగ్గర ఆగిపోయారు. జనం నోట ఉన్నది ‘ఒద్దు’. మాకు + ఒద్దు = మాకొద్దు, ఆ పైన ‘ఈ’ చేరితే మాకొద్దీ. రెండుచోట్లా ఉత్వసంధే. గ్రాంథికవాదులు ముఖం చిట్లించే రూపమే గాని, గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో దానికి సంజాయిషీ అక్కర్లేదు. గరిమెళ్ల వారిదీ మా నరసన్నపేట పక్కనున్న గోనెపాడే, 1893లో పుట్టారు.

అసలు బలం ‘మా’లో ఉంది. మన భాషలో ‘మన’ అంటే వినేవాడు కూడా లోపలే. ‘మా’ అంటే వినేవాడు గడప బయట. ‘మనకొద్దు’ అని ఉంటే అది మనవాళ్లకు చెప్పిన హితవు అయ్యేది. ‘మాకొద్దు’ అనడంతో ఎదుట దొర నిలబడ్డాడు, మాట నేరుగా అతనికి తగిలింది. సహాయ నిరాకరణ రోజుల్లో ఆ పాట పాడినందుకు ఆయనకు ఏడాది జైలు పడింది. కలెక్టరు ఆయన చేత పాడించుకుని విన్నాడని, తెలుగు రాకపోయినా అందులోని శక్తి తెలిసిందన్నాడని మా వైపు చెప్పుకుంటారు.

ఇక మీ వెనక బెంచీ వాడి ప్రశ్న. ప్రజలు ‘మాకొద్దు’ అన్నారు. దానికి సర్కారు ఇచ్చిన జవాబు ‘మీకొద్దు’. ఈ పాట మీకొద్దు, మీరు వినకండి అని. నాకు ఒక పుస్తకం నచ్చకపోతే నేను చదవను, మా ఇంట్లో పెట్టుకోను, నలుగురిలో తిడతాను కూడా. అదంతా ‘మాకొద్దు’. ఇంకా పుస్తకం తెరవనివాడి తరఫున కూడా నేనే తేల్చేస్తే అది ‘మీకొద్దు’. నిషేధం మంచి పుస్తకం మీద పడ్డా, చెడ్డ పుస్తకం మీద పడ్డా చేసే పని అదే. మంచి చెడు తేల్చే అవకాశం ఒక్కడికి దక్కుతుంది, మిగిలినవాళ్లకు పోతుంది.

విజయనగరం నుంచి (విశ్రాంత తెలుగు పండితురాలు): మాష్టారూ, నిషేధం అనగానే దొరల మీదికి తోసేస్తే ఎలా? ‘రాధికాసాంత్వనం’ సంగతి చూడండి. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం. పాత ముద్రణలో పీఠిక, కొన్ని పద్యాలు ఎగిరిపోయి ఉంటే, బెంగళూరు నాగరత్నమ్మ గారు రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తిగా అచ్చువేయించారు. కొద్దికాలానికే అది అశ్లీలమంటూ సర్కారు కాపీలు జప్తు చేసింది. ఆ కావ్యం అసహ్యమని ముందుగా అన్నది తెల్లవాళ్లు కాదు, మన కందుకూరి వీరేశలింగం పంతులు గారే. వితంతువుల కోసం ఊరిని ఎదిరించిన మనిషి ఒక స్త్రీ రాసిన శృంగారం దగ్గర తడబడ్డారు. ఇలాంటి పద్యాలు మగకవులు రాస్తే లేని తప్పు ఆడది రాస్తే వచ్చిందా అని నాగరత్నమ్మ గారు అప్పుడే నిలదీశారు. 1947లో ప్రకాశం పంతులు గారి చొరవతో గాని నిషేధం పోలేదు. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చువేశారు.

చిన్న నిషేధాలు మన గ్రంథాలయాల్లోనే బోలెడు. నేను చూసిన ఒక ప్రబంధం ప్రతిలో నాలుగైదు పద్యాల మీద ఎవరో పుణ్యాత్ములు తెల్లకాగితం ముక్కలు అతికించారు. తరువాత ఇంకెవరో వాటిని పీకి చదివారు. పద్యం సగం కాగితంతో లేచిపోయింది, సగం జిగురు మరక కింద మిగిలింది. పుస్తకం మొత్తంలో నలిగిన పుటలు అవే.

రాజాం నుంచి: ఒప్పుకోను మాష్టారూ. ఒక కులాన్ని నీచంగా రాసిన పుస్తకం ఉందనుకోండి. ఆ కులంవాళ్లు చదివి ఊరుకోవాలా? ‘మాకొద్దు’ అని పక్కన పెట్టడం ఎవరి గురించీ రాయనప్పుడు సులువే.

జవాబు (నరసన్నపేట): ఊరుకోమని ఎవరన్నారు బాబూ? 1927 డిసెంబరు 25న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేద్కర్ గారు మనుస్మృతిని తగలబెట్టారు. అంతకంటే గట్టి ‘మాకొద్దు’ నాకు తెలియదు. కానీ తగలబెట్టింది ఒక ప్రతిని. అందులో ఏముందో లోకానికి తెలియాలనే ఆయన పట్టు. తన రాతల్లో ఆ శ్లోకాలనే తీసి తీసి చూపించారు. పుస్తకమే దొరకకుండా పోతే రేపు ‘అందులో అలా లేదు’ అనేవాడికి ఏం చూపిస్తాం?

మన పొరుగున తమిళనాడులో పెరుమాళ్ మురుగన్ గారి నవల మీద గొడవ జరిగింది. రచయితగా తాను చనిపోయానని ఆయన ప్రకటించేదాకా పోయింది. 2016లో మద్రాసు హైకోర్టు చెప్పింది ఇంచుమించు మన మాటే: చదవాలన్న బలవంతం ఎవరికీ లేదు, నచ్చకపోతే పుస్తకాన్ని అవతల పారేయండి.

ఇది భాషా గుంపు కాబట్టి ఒక భాషా విశేషం కూడా. నిషేధపు ఉత్తర్వుల తెలుగు గమనించారా? ‘జప్తు చేయడమైనది’, ‘నిషేధించడమైనది’. చేసిందెవరో వాక్యంలో కనబడడు. గరిమెళ్ల వారి వాక్యంలో ‘మా’ అని కర్తలు గుండె చూపించి నిలబడితే, ఈ వాక్యంలో కర్త పరదా చాటున కూర్చుంటాడు. చట్టం ఈ దొంగాటను కొంత పట్టుకుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 95వ సెక్షన్ ప్రకారం పుస్తకాన్ని జప్తు చేయాలంటే కారణాలు ఉత్తర్వులోనే చెప్పాలి. ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్. అంతకు ముందటి కోడ్‌లోనూ ఇదే నియమం ఉండేది. కారణాలు చెప్పలేదనే 1961లో హర్‌నామ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ ఉత్తర్వును కొట్టేసింది.

రాజాం నుంచి: అయితే ఏ పుస్తకాన్నీ, ఎప్పుడూ ఆపకూడదంటారా? అత్యాచారానికి గురైన అమ్మాయి పేరు, ఊరు వేసి ఎవడైనా పుస్తకం అచ్చేస్తే?

జవాబు (నరసన్నపేట): అది ఆపాల్సిందే. అక్కడ నేనూ ‘మీకొద్దు’ పక్షమే. పేరు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. ఒకసారి బయటికి వచ్చిన పేరును ఏ ఖండనా, ఏ విమర్శా వెనక్కి తేలేదు. కులదూషణకు పదిమంది జవాబు రాయగలరు. ఆ అమ్మాయి జవాబు రాయాలంటే తానెవరో చెప్పుకోవాలి. నా గీత అక్కడే. పిల్లవాడికి మాత్రం ఇంత చెప్పకండమ్మా, చెడ్డదని ఎవరు తేల్చారో ముందు వాడినే అడగండి.

పాలకొండ నుంచి: అడిగాను మాష్టారూ. ‘హెడ్మాస్టరు గారు’ అన్నాడు.