స్పేస్ ఇంజనీర్స్: నలుగురం కలిసి మొదలుపెట్టవచ్చా? మల్టీప్లేయర్ ఆడినవాళ్ళు చెప్పండి

కృష్ణాతీరం:
మేం నలుగురం కాలేజీ స్నేహితులం. ఇద్దరం విజయవాడ, ఒకడు బెంగళూరు, ఒకడు డాలస్. వారాంతంలో కలిసి ఆడటానికి షూటింగ్ గేమ్ కాకుండా, ఏదైనా కట్టుకునే గేమ్ కోసం చూస్తున్నాం. బ్లాకులు కలిపి షిప్పులు, బేసులు కట్టే స్పేస్ ఇంజనీర్స్ వీడియోలు చూశాక అందరికీ ఆశ పుట్టింది. కానీ రివ్యూల్లో సగం మంది ఆకాశానికెత్తేస్తున్నారు, మిగతా సగం ఫిజిక్స్ వల్ల అన్నీ పేలిపోతాయని అంటున్నారు. 2013లో ఎర్లీ యాక్సెస్‌కి (పూర్తికాకముందే అమ్మకానికి) వచ్చిన గేమ్ కదా, ఇప్పుడు కొనడం సబబేనా? రెండో భాగం కోసం ఆగమంటారా? నిజంగా ఆడినవాళ్ళే చెప్పండి.

వెల్డర్‌బాబాయ్:
నలుగురు అన్నారు కాబట్టి కళ్ళు మూసుకుని కొనండి. ఈ గేమ్‌కి అది సరైన సంఖ్య. ఒక్కడే ఆడితే ఎప్పుడు చూసినా ఇనుము తవ్వుతూనే ఉంటాడు. నలభై మంది ఉన్న సర్వర్‌లోకి వెళ్తే ఫిజిక్స్ లెక్కలు మోయలేక సర్వర్ మూలుగుతుంది. నలుగురైతే ఒకడు తవ్వుతాడు, ఒకడు ఖనిజం శుద్ధి చేసే రిఫైనరీ, విడిభాగాలు తయారుచేసే అసెంబ్లర్ చూసుకుంటాడు, ఇద్దరు వెల్డింగ్ చేస్తారు. సాయంత్రానికి ఒక షిప్పు లేస్తుంది.

ఫిజిక్స్ గురించి అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇందులో బరువు నిజమైన బరువే. బ్లాకులు కలిపి కట్టిన ఒక్కో వస్తువుని గ్రిడ్ అంటారు, బ్లాకు సైజుని బట్టి చిన్న గ్రిడ్, పెద్ద గ్రిడ్ అని రెండు రకాలు. చిన్న గ్రిడ్‌లో వాడే పెద్ద అట్మాస్ఫెరిక్ థ్రస్టర్ (గాల్లో పనిచేసే ఇంజన్) 576 కిలోన్యూటన్ల తోపు ఇస్తుంది. భూమిలాంటి గ్రహం మీద గురుత్వం 9.81 కాబట్టి, తోపుని దానితో భాగిస్తే ఒక్క థ్రస్టర్ సుమారు 58 టన్నులు మోస్తుంది, అంతే. ఖాళీ మైనింగ్ షిప్పు పిట్టలా ఎగురుతుంది. కంటైనర్ నిండా రాయి, ఖనిజం నింపాక అదే షిప్పు పైకి లేవదు. గాల్లో ఉండగా నిండితే మెల్లగా కిందికి జారుతుంది. మా గ్రూపులో కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మేం మొదట నేర్పేది కీబోర్డు బటన్లు కాదు, ఈ భాగహారం. ఆ లెక్క వేసి కట్టిన షిప్పు నిండా సరుకుతో బేస్‌కి వచ్చి దిగినప్పుడు కలిగే తృప్తి వేరే గేముల్లో నాకు దొరకలేదు.

థ్రస్టర్లు మూడు రకాలు. అట్మాస్ఫెరిక్‌కి గాలి కావాలి, పైకి వెళ్ళేకొద్దీ బలం తగ్గి చివరికి ఆగిపోతుంది. అయాన్ అంతరిక్షంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, గాలి ఉన్నచోట దాని బలం బాగా పడిపోతుంది. హైడ్రోజన్ రెండు చోట్లా పనిచేస్తుంది, కానీ మంచు తవ్వి గ్యాస్ చేసుకోవాలి, తాగుడు కూడా ఎక్కువే. అయాన్ మాత్రమే పెట్టుకుని అంతరిక్షం నుంచి గ్రహం మీదికి దిగబోయి నేలలో కూరుకుపోయిన షిప్పులు ప్రతి సర్వర్‌లోనూ కనిపిస్తాయి. వాటిని గ్రైండర్‌తో కోసి స్టీల్ ప్లేట్లు, మోటార్లు తీసుకోవడమే కొందరి జీవనాధారం!

గ్రిడ్‌రాణి:
బాబాయ్ గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతా. ఇందులో ఏదీ ఒక్క దెబ్బకి మాయం కాదు. షిప్పు రాయికి గుద్దుకుంటే తగిలిన చోటి బ్లాకులే నలుగుతాయి, విరుగుతాయి. మధ్యలో తెగితే రెండు ముక్కలు రెండు వేర్వేరు వస్తువులుగా తేలిపోతాయి. బ్యాటరీ ఏ ముక్కలో ఉందో ఆ ముక్కలోనే లైట్లు వెలుగుతాయి. మా గ్రూపు రవాణా షిప్పు ఒకసారి అలాగే రెండుగా తెగింది. వెనక సగంలో ఇంజన్లు, ముందు సగంలో సరుకు. ముందు సగాన్ని ల్యాండింగ్ గేర్‌తో పట్టుకుని చిన్న షిప్పుతో లాక్కొచ్చాం. ఎవరో రాసిపెట్టిన మిషన్ కాదది, అప్పటికప్పుడు పుట్టిన పని. ఇలాంటి సాయంత్రాల కోసమే నేను ఈ గేమ్ వదల్లేదు.

నిశిరాత్రి_మైనర్:
అందరూ పొగుడుతున్నారు, నేను రెండో వైపు చెబుతాను. పబ్లిక్ పీవీపీ (ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు దాడి చేసుకునే) సర్వర్లకి మాత్రం వెళ్ళకండి. జనం ఎక్కువగా ఉండేది యూరప్ సర్వర్లలో. వాళ్ళకి రాత్రి తొమ్మిది అంటే మనకి అర్ధరాత్రి దాటాక. మనం నిద్రలో ఉన్నప్పుడు వాళ్ళు ఆడతారు, మనం కట్టిందంతా అప్పుడే కోసేస్తారు. చుట్టూ ఎవరూ దెబ్బతీయకుండా కాపాడే సేఫ్ జోన్ బ్లాక్ పెట్టుకోవచ్చు, అయితే అది నడవాలంటే జోన్ చిప్స్ కొంటూ ఉండాలి.

ఇంకొకటి సిమ్ స్పీడ్. సర్వర్ సెకనుకి 60 సార్లు ప్రపంచం మొత్తం లెక్క కట్టాలి. జనం, షిప్పులు, డ్రిల్లులు పెరిగి ఆ పని సమయానికి పూర్తి కాకపోతే సిమ్ స్పీడ్ 1 నుంచి 0.7కో 0.6కో పడుతుంది. అంటే ప్రపంచమంతా నెమ్మదిస్తుంది. తలుపు నెమ్మదిగా తెరుచుకుంటుంది, షిప్పు నెమ్మదిగా కదులుతుంది. అందుకే సర్వర్లు పీసీయూ అని బ్లాకులకి లెక్క పెట్టి పరిమితి విధిస్తాయి, వదిలేసిన గ్రిడ్లని తుడిచేస్తాయి. పెద్దది కట్టాలని వచ్చినవాడికి అక్కడ కట్టనివ్వరు. నేను పబ్లిక్ సర్వర్లు పూర్తిగా మానేశాను.

కృష్ణాతీరం:
పబ్లిక్ సర్వర్ వద్దని అర్థమైంది. మరి ఈ ‘లార్డ్ క్లాంగ్’ గోల ఏమిటి? ప్రతి వీడియో కింద అదే కామెంట్.

గ్రిడ్‌రాణి:
పిస్టన్లు (ముందుకి చాచేవి), రోటర్లు (తిరిగేవి) ఉన్న యంత్రం కారణం లేకుండా వణికి పేలిపోతే ఆ నేరం మోపడానికి ఆటగాళ్ళు సృష్టించుకున్న దేవుడు క్లాంగ్. కానీ కారణం లేకుండా ఏదీ పేలదు. రోటర్‌కి ఇవతల ఒక గ్రిడ్, అవతల ఇంకో గ్రిడ్. ఫిజిక్స్ ఇంజన్ ఆ రెండింటినీ ఒక కీలుతో కట్టి ఉంచాలి. తేలికైన ముక్క చివర బాగా బరువైనది వేలాడదీస్తే, లేదా రెండూ ఒకదాన్నొకటి తాకుతుంటే, ఒక స్టెప్‌లో (సెకనుకి 60 సార్లు కట్టే లెక్కలో ఒకసారి) చేసిన సవరణ తర్వాతి స్టెప్‌లో ఎక్కువైపోయి వణుకు మొదలవుతుంది. అది పెరిగి పెరిగి చివరికి విరుగుతుంది.

తప్పించుకునే దారులున్నాయి. పిస్టన్ వేగం బాగా తగ్గించండి, డ్రిల్ రిగ్ (పిస్టన్లకి డ్రిల్లులు తగిలించిన తవ్వే యంత్రం) అయితే మరీ తగ్గించండి. టెర్మినల్‌లో (బ్లాకుల సెట్టింగుల తెర) ‘షేర్ ఇనర్షియా టెన్సర్’ ఆన్ చేయండి, కీలుకి అటూ ఇటూ ఉన్న గ్రిడ్ల జడత్వాన్ని కలిపి లెక్కించే సెట్టింగు అది. పెద్ద గ్రిడ్ పిస్టన్ 10 మీటర్లు చాస్తుంది, అలాంటివి వరుసగా అయిదారు పెట్టి ఒకే గొలుసు చేయకండి. ఒక యంత్రంలోని కదిలే ముక్కని ల్యాండింగ్ గేర్‌తో మళ్ళీ అదే యంత్రానికి లాక్ చేయకండి. ఇవి పాటించి కట్టిన మా రిగ్ నిక్షేపంగా నడుస్తోంది.

ఫిజిక్స్‌మాస్టారు:
నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఈ గేమ్‌లో ఏది ఫిజిక్స్, ఏది కాదు అన్నది ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

కక్ష్యలు లేవు. గ్రహాలు కదలకుండా నిలబడి ఉంటాయి, సూర్యుడే తిరుగుతాడు. భూమిలాంటి గ్రహం వ్యాసం 120 కిలోమీటర్లు మాత్రమే. పైకి వెళ్ళేకొద్దీ గురుత్వం తగ్గుతూ, నేల నుంచి నలభై కిలోమీటర్లకి కాస్త పైన పూర్తిగా మాయమవుతుంది. ఉపగ్రహంలా తిరుగుదామంటే కుదరదు. ఆ సరదా కావాలంటే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆడాలి.

వేగానికీ పరిమితి ఉంది, సెకనుకి 100 మీటర్లు. చాలామంది దీన్ని తిడతారు, నేను సమర్థిస్తాను. లెక్క చూడండి. సెకనుకి 60 స్టెప్పులు కాబట్టి 100 మీటర్ల వేగంతో వెళ్ళే షిప్పు ఒక్కో స్టెప్‌కి 1.67 మీటర్లు కదులుతుంది. పెద్ద గ్రిడ్ బ్లాకు వెడల్పు 2.5 మీటర్లు. అంటే ఎదురుగా గోడ ఉంటే, ఏదో ఒక స్టెప్‌లో షిప్పు ఆ గోడని తాకే తీరుతుంది. వేగం 1000 మీటర్లు చేస్తే ఒక్కో స్టెప్‌కి 16 మీటర్ల పైనే. ఈ స్టెప్‌లో గోడకి ఇటు, తర్వాతి స్టెప్‌లో అటు! దాన్ని పట్టుకోవాలంటే ఇంకా ఖరీదైన లెక్కలు కావాలి, మల్టీప్లేయర్‌లో అందరి కంప్యూటర్లకీ అది ఒకేలా కనిపించాలి. వేగం పెంచే మోడ్లు (ఆటగాళ్ళు తయారుచేసిన మార్పులు) ఉన్నాయి, అవి వేసుకున్నవాళ్ళు షిప్పులు ఆస్టరాయిడ్‌లోకి దూరిపోయాయని ఫిర్యాదు చేయడం చూస్తూనే ఉన్నాం.

అంతకు మించి మిగతాదంతా నిఖార్సైన న్యూటన్. అంతరిక్షంలో డ్యాంపర్లు (షిప్పుని దానంతట ఆపే ఏర్పాటు) ఆపేసి ఇంజన్ కట్టేస్తే షిప్పు అలా వెళ్ళిపోతూనే ఉంటుంది. వెనక్కి తోసే థ్రస్టర్లు పెట్టకపోతే ఆగదు. మొదటి నియమం బోర్డు మీద చెప్పినప్పుడు తల ఊపి ఊరుకునే పిల్లాడు, ఇది ఆడి వచ్చి నన్ను ప్రశ్నలు అడిగాడు. టీచర్‌గా నాకు అంతకన్నా ఆనందం లేదు.

డాలస్‌తెలుగోడు:
మీ డాలస్ స్నేహితుడి తరఫున నేను చెబుతాను, మాదీ అలాంటి గ్రూపే, ఇద్దరం ఇక్కడ, ముగ్గురు హైదరాబాద్‌లో. మాకు శనివారం రాత్రి, వాళ్ళకి ఆదివారం ఉదయం. పింగ్ (సర్వర్‌కి వెళ్ళి తిరిగొచ్చే ఆలస్యం) 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే. తవ్వడం, వెల్డింగ్, కట్టడం ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది రెండు చోట్ల: కదులుతున్న షిప్పు లోపల నడిచినప్పుడు, షిప్పుని కనెక్టర్‌కి (బేస్‌తో కలిపే బ్లాకు) ఆనించి డాక్ చేసినప్పుడు. మనిషి వెనక్కి లాగినట్టు ఎగురుతాడు. అందుకే మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. షిప్పు నడుస్తుంటే అందరూ సీట్లలో కూర్చోవాలి. డాకింగ్ మాత్రం సర్వర్‌కి దగ్గరున్నవాడు చేస్తాడు.

మీలో ఒకడు హోస్ట్ చేసే పద్ధతిలో వాడు బయటికి వస్తే ప్రపంచం మూసుకుపోతుంది. టైమ్ జోన్లు వేరైనప్పుడు అది కష్టం. ఎవరూ ఆడకపోయినా నడిచే డెడికేటెడ్ సర్వర్ పెట్టుకోండి, ముగ్గురు ఇండియాలో ఉన్నారు కాబట్టి ముంబైలోనో సింగపూర్‌లోనో తీసుకోండి. మేం మొదట అద్దెకి తీసుకున్న సర్వర్ ప్రాసెసర్ బలహీనమైంది, ధర చూసి తీసుకున్నాం, సాయంత్రాల్లో సిమ్ స్పీడ్ పడిపోయేది. కోర్లు ఎన్ని అని కాదు, ఒక్కో కోర్ ఎంత వేగం అన్నది అడగండి.

నిశిరాత్రి_మైనర్:
ఇది వంద శాతం నిజం. పైగా సేవ్‌లకి బ్యాకప్ ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

కృష్ణాతీరం:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. రెండో భాగం గురించి ఎవరూ చెప్పలేదు?

వెల్డర్‌బాబాయ్:
స్పేస్ ఇంజనీర్స్ 2 జనవరి 2025లో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చింది. ప్రాగ్‌లోని అదే కీన్ సాఫ్ట్‌వేర్ హౌస్, కొత్త వీరేజ్ 3 ఇంజన్. చిన్న గ్రిడ్, పెద్ద గ్రిడ్ అనే తేడా తీసేసి 25 సెంటీమీటర్ల ఒకే గ్రిడ్ చేశారు, వేగం 300 మీటర్లకి పెంచారు. చూడటానికి చాలా బాగుంది. కానీ మొదట వచ్చింది ఒక్కడు ఆడుకునే క్రియేటివ్ మోడ్ (తవ్వకుండా ఊరికే కట్టుకోవడం) మాత్రమే, సర్వైవల్ (వనరులు సేకరించి బతకడం), మల్టీప్లేయర్ దశలవారీగా వస్తాయని చెప్పి విడుదల చేశారు. నలుగురు కలిసి ఆడాలనేదే మీ కోరిక కాబట్టి ఇప్పటికి మొదటిదే తీసుకోండి. 2019లో పూర్తి విడుదలయ్యాక కూడా దానికి అప్‌డేట్లు ఇస్తూనే వచ్చారు. 2023లో వచ్చిన ఆటోమేటన్స్‌తో షిప్పులు వాటంతటవే నడిచే బ్లాకులు వచ్చాయి, 2024లో వచ్చిన కాంటాక్ట్‌తో అంతరిక్షంలో ఎదురయ్యే శత్రు స్థావరాలు వచ్చాయి. స్టీమ్ వర్క్‌షాప్ (ఆటగాళ్ళు తమ తయారీలు పంచుకునే చోటు) నిండా మోడ్లే. అడిగారు కాబట్టి చెబుతున్నా, డీఎల్‌సీలు (విడిగా కొనే అదనపు ప్యాకులు) చాలావరకు అలంకరణకే, ముందు అవేవీ కొనకండి.

గ్రిడ్‌రాణి:
మొదటి రోజు కోసం ఒక మాట. భూమిలాంటి గ్రహం మీద, మంచు దగ్గర్లో ఉన్నచోట దిగండి. మంచు నుంచే ఆక్సిజన్, హైడ్రోజన్ రెండూ. ఇనుము, నికెల్, సిలికాన్ దొరికితే చాలాకాలం గడిచిపోతుంది. యురేనియం, ప్లాటినం ఆ గ్రహం మీద దొరకవు, వాటికోసం పైకి వెళ్ళాల్సిందే. 100 మీటర్ల వేగంతో గురుత్వం దాటడానికే ఏడు నిమిషాలు పడుతుంది, ఆ ఏడు నిమిషాలకి సరిపడా హైడ్రోజన్, ఆగడానికి ఇంకొంచెం ట్యాంకులో పెట్టుకుని బయల్దేరండి. ఇన్వెంటరీ, వెల్డింగ్ వేగం సెట్టింగులు మూడింతలకి పెట్టుకోండి, వారానికి ఒక్కరోజు ఆడేవాళ్ళకి ఒకటో నంబర్ మరీ నిదానం. ఫ్యాక్షన్ (గేమ్‌లో మీ జట్టు) చేసి నలుగురూ చేరాకే కట్టడం మొదలుపెట్టండి, లేకపోతే ఒకరి తలుపు ఇంకొకరికి తెరుచుకోదు.