వీడర్ హ్యాండిల్ విరుగుతోంది: మళ్లీ సిమ్యులేషనా, ఇంకో మూడు నమూనాలా?

అందరికీ నమస్కారం. మాది చిన్న వర్క్‌షాప్, పత్తి చేలల్లో కలుపు తీసే పవర్ వీడర్లు చేస్తాం. హ్యాండిల్ బ్రాకెట్‌కి కంప్యూటర్‌లో లోడ్ పెట్టి చూస్తే సేఫ్టీ ఫ్యాక్టర్ (పడే లోడ్‌కి ఎన్ని రెట్లు తట్టుకుంటుందనే అంకె) 2.5 వచ్చింది. ధైర్యంగా ఒకటి చేయించి చేలో దింపాం. నాలుగో రోజుకే వెల్డింగ్ పక్కన పగులు!

తప్పు నాదే, నేను చేసింది స్టాటిక్ అనాలిసిస్, అంటే మారకుండా ఉండే లోడ్‌కి మాత్రమే లెక్క. ఇంజిన్ 3600 ఆర్‌పీఎంలో తిరిగితే సెకనుకు 60 అదుర్లు, గంటకు 2,16,000. ఆ లెక్క అందులో లేనే లేదు. తర్వాత మోడల్ (modal) అనాలిసిస్ చేస్తే హ్యాండిల్ సహజ ఫ్రీక్వెన్సీ (తడితే తనంతట తాను అదిరే వేగం) 57 హెర్ట్జ్, అంటే సెకనుకు 57 అదుర్లు అని వచ్చింది. ఇది ఇంజిన్ అదురు 60కి ఎంత దగ్గరైతే హ్యాండిల్ అంత గట్టిగా ఊగుతుంది. కానీ రైతు చేతి పట్టుకి, రబ్బరు బుష్‌లకి అంకెలు అందాజాగా వేశాను, అందుకే దాన్నీ నమ్మలేకపోతున్నా.

ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. ఫెటీగ్ (పదే పదే లోడ్ పడి లోహం పగలడం), వైబ్రేషన్ లెక్కలు బయట చేయించాలా? లేక మూడు సైజుల పైపులతో హ్యాండిళ్లు చేయించి, స్ట్రెయిన్ గేజ్‌లు (లోహం ఎంత సాగుతోందో కొలిచే చిన్న పట్టీలు) అతికించి చేలో తిప్పాలా? మా వెల్డరన్న రెండోదే అంటాడు (ఆయనకి కంప్యూటరంటేనే పడదు). నాకూ మనసు అటే లాగుతోంది కానీ, పైపు లావు చేస్తే ఫ్రీక్వెన్సీ సరిగ్గా 60కే చేరుతుందేమోనని టెన్షన్.

ఇలాంటి మెషిన్లు చేసినవాళ్లు ముందు దేనికి ఖర్చు పెట్టారు? హ్యాండిల్‌ని సుత్తితో తట్టి ఫోన్ యాప్‌లో ఫ్రీక్వెన్సీ చూస్తే పనికొస్తుందా, ఫోన్ సెన్సర్ 60 హెర్ట్జ్‌ని సరిగా పట్టుకుంటుందా?