కేపసిటబిన్ మాత్రలతో అరచేతుల మంట: డాక్టర్‌ని కలిసేదాకా వేసుకోవచ్చా?

ప్రశ్న: అమ్మకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కేపసిటబిన్ (కీమో మాత్రలు) రాశారు. రెండు వారాలు వేసుకుని, ఒక వారం ఆపాలి. రెండో సైకిల్లో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంట పుడుతున్నాయి. గిన్నె పట్టుకున్నా ఓర్చుకోలేకపోతోంది. చలవ చేస్తుందని పిన్ని గోరింటాకు పెట్టమంటోంది. అపాయింట్‌మెంట్ వచ్చే వారం. అప్పటిదాకా మాత్రలు వేయొచ్చా?

జవాబు (క్యాన్సర్ విభాగం నర్సు): వచ్చే వారం దాకా ఆగకండి, ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. దీన్ని హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ అంటారు, ఈ మందుతో చాలామందికి వస్తుంది. ఎరుపు, తిమ్మిరి మాత్రమే ఉంటే సాధారణంగా మందు కొనసాగిస్తారు. నొప్పి వల్ల పనులు ఆగిపోతుంటే కొన్నాళ్లు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెడతారు. అవసరమైతే డోసు తగ్గిస్తారు. మందు మానేస్తారేమోనని చాలామంది అమ్మలు నొప్పి దాచేస్తారు. అదే అసలు ప్రమాదం.

10 శాతం యూరియా ఉన్న క్రీమ్ మెత్తగా రాయండి, రుద్దొద్దు. చర్మం చిట్లితే యూరియా మండుతుంది, అక్కడ వద్దు. వేడినీళ్లు, అంట్లు తోమడం, బిగుతు చెప్పులు, ఎక్కువ నడక తగ్గించాలి. గోరింటాకు వద్దండీ. ఎరుపు కనబడకుండా పోతే ఎంత ముదిరిందో మాకు తెలియదు. బజారు కోన్లలో రసాయనాలు కూడా ఉంటాయి.

మరో సభ్యుడు: మా నాన్నగారికి డైక్లోఫెనాక్ జెల్ (నొప్పి, వాపు తగ్గించే పూత మందు) రాశారు. ఉపయోగముందా?

నర్సు: ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై పరీక్షించారు. 1 శాతం జెల్ రోజుకు రెండుసార్లు రాసినవారిలో ఇబ్బంది పెట్టే స్థాయి లక్షణాలు 3.8 శాతం మందికే వచ్చాయి, మందు లేని ఉత్త జెల్ రాసినవారిలో 15 శాతం మందికి. కానీ ఆ జెల్‌ని లక్షణాలు రాకముందు నుంచే, నివారణకు వాడారు. మీ డాక్టర్‌ని అడిగాకే రాయండి. విటమిన్ బి6 మాత్రలు మాత్రం పరీక్షల్లో పెద్దగా పనిచేయలేదు.

ప్రశ్న వేసినవారు: ఫోన్ చేశానండీ, ఆపమన్నారు. మడమ మీద నీటిపొక్కు కూడా వచ్చింది. ఆగిన మాత్రలు తర్వాత కలిపి వేయాలా?

నర్సు: వద్దు, పోయినవి పోయినట్టే. పొక్కు చిదమకండి. జ్వరం వచ్చినా, నోరు పూసి తినలేకపోయినా, విరేచనాలు మామూలుకన్నా రోజుకు 4 సార్లు పెరిగినా రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఇంకో సభ్యురాలు: మా అత్తయ్యకు వేలిముద్రలే చెరిగిపోయి పింఛను దగ్గర మెషిన్ తీసుకోలేదు. ఈ మందుతో అలా కూడా అవుతుందట. ఆధార్‌లో కంటిపాప స్కాన్‌తోనూ గుర్తిస్తారు, అది అడగండి. డాక్టర్ చేత ఒక చీటీ రాయించుకుంటే ఇంకా మంచిది.